ఎత్తకూడని ఫోను

బరంపురం పట్టుచీర కొనుక్కుందామని బయల్దేరాను. నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చేటప్పుడు నా సంచిలో చీర లేదు, రెండు కిలోల ఎండు నెత్తళ్ళున్నాయి. రైలు బోగీలో చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులకి కొంగులూ రుమాళ్ళూ అడ్డం పెట్టుకుని నన్ను లోపల్లోపల తిట్టుకున్నారు. తిట్టుకోనీ, నాకేం. ఆ నెత్తళ్ళు నా సంచిలోకి ఎలా వచ్చాయో తెలిస్తే వాళ్ళే తలో గుప్పెడు అడిగేవాళ్ళు. అటువైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బరంపురం చూసినవాళ్ళు కూడా ఆర్యపల్లి దాకా వెళ్ళి ఉండరు.

నా గురించి రెండు ముక్కలు. పేరు కామేశ్వరి. కాకినాడలో పాతికేళ్ళు ఎస్టీడీ బూత్ నడిపాను. బూత్‌ల కాలం పోయాక అదే గదిలో రీఛార్జీలూ కొత్త సిమ్ములూ అమ్ముతున్నాను. ఫోన్ కంపెనీల సంగతి నాకు తెలిసినంత ఆ కంపెనీల్లో జీతం తీసుకునేవాళ్ళకి కూడా తెలియదని నా నమ్మకం. "దేశమంతా ఫుల్ టవరండీ" అని రోజుకి ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. నేనూ అదే కంపెనీ మీద మూడువేల చిల్లర పోసి ఏడాది ప్లాను వేసుకున్నాను. కంపెనీ పేరు మాత్రం చెప్పను. చెప్తే రేపు నా కొట్టుకి కమీషన్ ఆపేస్తారు.

ఇచ్ఛాపురం దాటాక

సామర్లకోటలో ఎక్కాను. పలాస దాకా ఫోను బాగానే ఉంది. ఇచ్ఛాపురం దాటగానే "ఒడిశాకి స్వాగతం" అని ఒక మెసేజ్ వచ్చింది. అంతే, దాంతోటే సిగ్నలు గీతలన్నీ మాయమైపోయాయి. ఫోను ఆపి మళ్ళీ పెట్టాను. సిమ్ము తీసి కొంగుతో తుడిచి మళ్ళీ వేశాను. నా కస్టమర్లకి నేను చెప్పే చిట్కాలన్నీ నేనే చేసుకున్నాను.

ఎదురు సీట్లో పాన్ నములుతున్న ఒక ఒడియా పెద్దావిడ అంతా చూస్తోంది. చక్కటి తెలుగులోనే అడిగింది.

"ఏ కంపెనీ?"

చెప్పాను.

"అయ్యో. మావైపు దాన్ని ఎవరూ వేసుకోరు కదా. బరంపురం బజార్లో వస్తాది, ఊరు దాటితే పోతాది."

"దేశమంతా ఫుల్ టవరని చెప్పారండీ."

"ఎవరు చెప్పారు?"

నేనే చెప్పానని ఆవిడకి చెప్పలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

రత్నం వదిన ఇంట్లో మూడో మెట్టు

బరంపురం స్టేషన్ బయట ఆటో అతన్ని, దారిలో నేర్చుకున్న ఒడియాలో "కేతే?" అని గంభీరంగా అడిగాను. "ఎనభై ఇయ్యండమ్మా" అన్నాడు తెలుగులో. కాకినాడలో ఆ దూరానికి నూట ఇరవై అడుగుతారు. అయినా అలవాటు కొద్దీ డెబ్బైకి బేరమాడాను.

మా పెదనాన్న కొడుకు రైల్వేలో గూడ్సు గార్డు. నేను వెళ్ళేసరికి డ్యూటీ మీద వెళ్ళిపోయాడు, ఇంట్లో రత్నం వదిన ఒక్కతే ఉంది. వదిన వాళ్ళది శ్రీకాకుళం వైపు, ఇక్కడికొచ్చి రెండు తరాలైంది. తెలుగులో మొదలుపెట్టిన మాట ఒడియాలో ముగిస్తుంది, అలా మార్చిన సంగతి తనకే తెలియదు. మర్నాడు పొద్దున్న చకులి వేసి, బఠాణీల ఘుగుని పెట్టింది. చకులి అంటే మన మినపట్టుకి అక్క వరస. కొబ్బరి పచ్చడి ఉందా అని అడగబోయి, ఘుగుని ఒక చెంచాడు తిన్నాక నోరు మూసుకున్నాను.

వదినదీ నా కంపెనీయే. ఇంట్లో ఎక్కడా సిగ్నలు రాదు. పెరటి మెట్లలో మూడో మెట్టు మీద మాత్రం వస్తుంది. అందుకని ఆ మెట్టు మీద ఫోను కోసం ఒక పీట వేసి, ఎండ తగలకుండా పైన చాట బోర్లించి పెడుతుంది. నేను నవ్వితే, "నవ్వు నవ్వు. ఈ కంపెనీవోళ్ళకి నెలనెలా మూడొందలు మెట్టుకి అద్దె కడతన్నాను" అంది.

ఎనిమిదిన్నరకి చాట కింద ఫోను మోగింది. వదిన స్నానానికి వెళ్ళింది. ఫోను మోగుతుంటే చూస్తూ ఊరుకోవడం పాతికేళ్ళ బూత్ మనిషికి చేతనవుతుందా? పరిగెత్తి చాట లేపి ఎత్తాను. తెర మీద 'ఎర్రమ్మ చేపలు' అని ఉంది.

"హలో, ఎవరండీ?"

అవతల ఆటో చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు, బాగా కంగారుగా: "ఓలమ్మ, ఎత్తీసినారేటి? పెట్టీండి, పెట్టీండి."

"ఎవరు కావాలమ్మా? రత్నంగారు స్నానానికి వెళ్ళారు, రెండు నిమిషాల్లో..."

కట్టయిపోయింది. వదిన తడిచీరతోనే వచ్చి నిలబడింది.

"ఎత్తీసినావేటి కామేశ్వరీ?"

"మోగితే ఎత్తనా మరి?"

"ఎర్రమ్మ ఫోను ఎవరైనా ఎత్తుతారేటి?" అంది, నేనేదో దేవుడి గదిలోకి చెప్పులతో వెళ్ళినట్టు.

అప్పుడు చెప్పింది. ఎర్రమ్మది ఆర్యపల్లి, సముద్రం ఒడ్డు ఊరు. బుట్టలో చేపలు పెట్టుకుని బరంపురంలో నలభై ఇళ్ళకి అమ్ముతుంది. పొద్దున్నే అందరికీ మిస్డ్ కాల్ ఇస్తుంది. ఒకసారి మోగి ఆగిపోతే మామూలు చేపలు. రెండుసార్లు మోగితే వంజరంలాంటి మంచి రకం పడింది, పెద్ద గిన్నె సిద్ధం చేసుకోవాలి. మూడుసార్లు మోగితే ఇవాళ పడవ వెళ్ళలేదు, ఎదురుచూడొద్దు, పప్పు వండుకోండి అని. నలభై ఇళ్ళలోనూ ఎవరూ ఎత్తరు. ఎత్తితే లెక్క పోతుంది, పైగా ఆవిడ బేలన్సు పోతుంది.

ఎర్రమ్మ బుట్ట

పదిన్నరకి ఎర్రమ్మ వచ్చింది. నల్లగా, గట్టిగా, నా వయసే ఉంటుంది. బుట్ట దించింది. సగానికి పైగా నిండే ఉంది.

"నా బేలన్సు తినీసినారమ్మా," అంది నన్ను చూసి. కోపంగా కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. "ముప్పావలా ఉండీది. మీది ఐదో ఇల్లు. ఆ తరవాత ఒక్క ఇంటికి రింగెల్లనేదు."

ఆవిడది అన్నిటికంటే తక్కువ రీఛార్జి. నంబరు బతికి ఉంటుంది గానీ మాట్లాడితే సెకను సెకనుకీ కోత. అదీ మునుపు తొంభై తొమ్మిది ఉండేది, ఇప్పుడు రెట్టింపైంది. ఆ రీఛార్జి నేనూ అమ్ముతాను. కమీషన్ రాదని అది అడిగేవాళ్ళని కొంచెం విసుక్కుంటాను కూడా. మిగతా ఇళ్ళకి రింగు వెళ్ళకపోతే మిగిలిపోయిన చేపలు ఎలా ఉంటాయో ఆ రోజు నా కళ్ళతో చూశాను. సిగ్గేసింది.

వెంటనే మూడో మెట్టెక్కి ఆవిడకి రీఛార్జి వేశాను. దణ్ణం పెట్టింది గానీ మొహం తేటపడలేదు.

"ఇది ఏసినా ఒకటే, ఏయకపోయినా ఒకటేనమ్మా. మా ఊళ్ళో ఈ కంపెనీ టవరు పోయి ఐదు నెలలయింది. ఇదివరకు పడవ ఒడ్డుకి రాగానే ఆరింటికి రింగులిచ్చీదాన్ని. ఇప్పుడు ఆటోలో ఛత్రపురం దాకా వస్తే గానీ రింగెల్లదు. ఈలోపు మోటారు సైకిలోడు వచ్చి అమ్మీసి ఎల్లిపోతన్నాడు. నలభై ఇళ్ళలో పద్నాలుగు పోనాయి."

వదిన తల దించుకుంది. "మొన్న నేనూ వాడి దగ్గరే కొన్నాను ఎర్రమ్మా. రింగు రాలేదు, నువ్వు రావనుకున్నాను," అంది.

"నానేటి అనుకోనమ్మా. రింగు రాకపోతే మీరు మాత్రం ఏటి సేస్తారు."

"వేరే కంపెనీకి మారిపోవచ్చుగా, నంబరు అదే ఉంచుకుని?" అన్నాను. అది నా రోజువారీ పని.

"మా ఊళ్ళో వేరే కంపెనీ టవరు బాగానే వస్తాది. ఆళ్ళ సాపుకి ఎల్లినానమ్మా, రెండుసార్లు. ఈ సిమ్ము నీది కాదు, దండాసిది, ఆయన్ని తెమ్మన్నారు."

మొదట్లో సిమ్ములొచ్చినప్పుడు వాళ్ళ వీధిలో కార్డూ, ఫొటోలూ సరిగ్గా ఉన్నది దండాసి ఒక్కడికే. అందుకని వీధి మొత్తానికీ ఆయన పేరు మీదే తీసేసుకున్నారు. తొమ్మిది ఫోన్లు, ఒకే మనిషి. దండాసి ఎర్రమ్మ భర్తకి అన్న. భర్త పోయాక వల పంపకంలో మాటా మాటా వచ్చి, రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

"కొత్త నంబరు తీసుకుంటేనో?"

ఎర్రమ్మ నావైపు జాలిగా చూసింది. "కొత్త నంబరు మోగితే ఈ ఇళ్ళలో ఎత్తీస్తారు కదమ్మా."

నిజమే. ఆ నంబరే ఆవిడ అంగడి. మిగిలిన ఇరవై ఆరు ఇళ్ళూ పోతే బుట్ట ఎత్తుకుని ఎక్కడికి వెళ్తుంది? చీర సంగతి పక్కన పెట్టాను. "రేపు నేనే వస్తాను మీ ఊరు. ఆ దండాసిని నేను తీసుకొస్తాను, చూడు," అన్నాను. అలా అనేశాక వదిన నన్ను వింతగా చూసింది. నాకు మాత్రం అనుమానం లేదు. పాతికేళ్ళు బూత్ బయట వరసలో నిలబడ్డవాళ్ళని దారిలో పెట్టినదాన్ని.

ఆర్యపల్లి

ఛత్రపురం దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. సరుగుడు తోటలు దాటగానే ఎండుచేపల వాసన ఎదురొచ్చింది. ఇసక మీద పడవలు, పడవల మీద ఆరేసిన వలలు. ఆ ఊళ్ళో పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరి నోటా తెలుగే. ఒడిశాలో ఉన్నానా, కాకినాడ జగన్నాథపురంలో ఉన్నానా అనిపించింది. తేడా ఒకటే: మావైపు చేపల వేలం మగవాళ్ళు పాడతారు, ఇక్కడ ఆడవాళ్ళు పాడుతున్నారు, మగవాళ్ళు పక్కన కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది.

ఎర్రమ్మ పఖాళ పెట్టింది. మన చద్దన్నమే, కాకపోతే ఇక్కడ దానికి మర్యాద ఎక్కువ. నీళ్ళలో నానిన అన్నం, పచ్చిమిరపకాయ, వేయించిన ఎండు నెత్తళ్ళు. రెండుసార్లు పెట్టించుకున్నాను.

నా ఫోను అక్కడ ఉత్త గడియారం. ఊరి చివర ఒక ఇసకదిబ్బ ఉంది, దాన్ని టవరు దిబ్బ అంటున్నారు. దాని కొన మీద నిలబడి చెయ్యి పైకెత్తితే మా కంపెనీ సిగ్నలు ఒక గీత వస్తుంది, గాలి మారితే అదీ పోతుంది. నేను వెళ్ళేసరికి దాని మీద ముగ్గురు చేతులెత్తి నిలబడి ఉన్నారు. "ఈ కంపెనీవోళ్ళు మా సేత రోజూ దణ్ణాలు పెట్టిస్తన్నారు," అన్నాడు ఒకాయన. నవ్వాను గానీ మనసులో ఆ కంపెనీని ఏకిపారేశాను. డబ్బు మాత్రం టవరున్న ఊరికీ లేని ఊరికీ ఒకటే.

దండాసి పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. తలెత్తలేదు.

"ఎర్రమ్మ పంపినాదా? దానికీ నాకూ మాటల్నేవు. ఎల్లండి."

"మాటలు అక్కర్లేదు బాబూ. షాపుకొచ్చి ఒక్కసారి కూర్చుంటే చాలు."

"నాను రాను."

"మీ ఫోనుకీ టవరు లేదు కదా. మీరూ మారొచ్చు."

"నాకేటి అక్కర్నేదు."

గంటసేపు బతిమాలాను, బెదిరించాను, వీధిలో మిగతా ఏడుగురి ఉసురు తగులుతుందన్నాను. ఆయన నూలు ముడి వేస్తూనే ఉన్నాడు. చివరికి నాకు ఒళ్ళు మండింది. "ఒక ఆడమనిషి కడుపు మీద కొట్టడానికి ఇంత పంతమా?" అని గట్టిగానే అన్నాను.

ముడి ఆగింది. దండాసి నెమ్మదిగా కుడిచెయ్యి తిప్పి నా ముందు చాపాడు.

"సూడండి," అన్నాడు.

వేళ్ళ చివర గీతలు లేవు. నున్నగా, మెరుస్తూ, నదిలో రాళ్ళలా ఉన్నాయి.

"మారిపోదామని నాను మూడు నెల్ల కిందటే ఎల్లినాను. నా సిమ్ముకే. ఆ మిసను మీద ఏలు పెట్టమన్నారు. పెట్టినాను. ఈ ఏలు, ఆ ఏలు, రెండు సేతుల ఏళ్ళూ పెట్టినాను. సాపులో పిల్ల అందరిలోనూ, 'ఈయనకి ఏలు నేదు' అన్నాది. అందరూ నవ్వినారు. యాభై ఏళ్ళు తాడు లాగిన సెయ్యమ్మా ఇది. ఏలు నేదంట."

మా కొట్లో కూడా ఆ మిషనుంది. సిమెంటు పని చేసే ఒక ముసలాయన వేలు పడకపోతే, "చెయ్యి కడుక్కుని రేపు రండి" అని పంపేశాను. ఆయన మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదో దండాసి ఎదుట ఇసకలో కూర్చున్నాక అర్థమైంది.

"వేలు అక్కర్లేదు బాబూ," అన్నాను. "ఫొటో తీసి చేసే పద్ధతి ఇంకోటుంది. అదీ చెల్లుతుంది. ఓపిక లేక ఎవరూ చెయ్యరు. నేను పక్కన ఉంటాను. ఎవరైనా నవ్వితే వాళ్ళ సంగతి నేను చూస్తాను."

దండాసి వలలోకి చూస్తూ అడిగాడు. "మారితే, ఆ నంబరు నా పేరునే ఉంటాదా?"

"మీ పేరునే ఉంటుంది."

"మా తమ్ముడికి నాను కొనిచ్చిన సిమ్మది," అన్నాడు. మర్నాడు పొద్దున్న ఏ ఆటో అని అడిగాడు.

కన్ను ముయ్యడం

బరంపురంలో రెండో కంపెనీ షాపు. ఆటోలో దండాసి డ్రైవరు పక్కన, ఎర్రమ్మా నేనూ వెనక. దారి పొడుగునా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు పలకలేదు. ఇద్దరూ నాతోనే మాట్లాడారు.

కౌంటర్లో అమ్మాయి దండాసిని గుర్తుపట్టింది. "మావుసీ, ఈయనది హెబొ నాహి. వేలు పడదు," అంది నాతో.

"మిషను తియ్యొద్దు. ఫొటో పద్ధతిలో చెయ్యి."

"అది చాలా టైము పడుతుంది."

"నాకు సాయంత్రం దాకా పని లేదు. నేనూ కాకినాడలో ఇదే పని చేస్తాను తల్లీ, ఏ మీట తర్వాత ఏ మీటో కావాలంటే నేను చెప్తాను."

ఆ అమ్మాయి ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, ఫోను తీసింది. ఎర్రమ్మ ఫోను నుంచి మారేందుకు మెసేజ్ పంపాం, కోడ్ వచ్చింది. దండాసి కార్డు ఫొటో తీసింది. ఆయన్ని తెల్లగోడ ముందు కూర్చోబెట్టింది. అక్కడే అసలు చిక్కొచ్చింది. ఎదురుగా ఉన్నది బతికున్న మనిషేనని యాప్‌కి తెలియాలి, అందుకు ఒకసారి కళ్ళు మూసి తెరవాలి.

దండాసి కళ్ళు ముయ్యనేలేదు. నిటారుగా కూర్చుని ఫోన్‌లోకి చూస్తున్నాడు. యాభై ఏళ్ళు ఎండలో నీళ్ళమీద చూపు నిలిపిన మనిషి. పైగా ఈసారి కూడా తప్పు జరిగితే నవ్వుతారన్న భయంతో కట్టెలా బిగుసుకుపోయాడు. "ఆగ్యా, ఆంఖి బంద కొరంతు," అంది అమ్మాయి. ఆయన కదల్లేదు. కళ్ళు ముయ్యమని నేనూ చెప్పాను. కదల్లేదు. రెండుసార్లు టైమైపోయి మొదటికొచ్చింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాను, ఆగిపోయారు. దండాసి మెడ నరాలు లేచాయి. ఇంకొక్క నిమిషమైతే లేచి వెళ్ళిపోయేవాడే.

గోడ పక్కన నిలబడ్డ ఎర్రమ్మ అప్పుడు అంది, మెల్లగా:

"బావా. ఓపాలి కన్ను ముయ్యు. నానున్నాను."

దండాసి కళ్ళు మూసుకున్నాడు. వెంటనే తెరవలేదు. అమ్మాయి చేతిలో ఫోను కిణుక్కుమంది. "హేలా, అయిపోయింది," అంది. ఆయన ఇంకా మూసుకునే ఉన్నాడు. ఎర్రమ్మ వెళ్ళి కొంగుతో ఆయన మొహం తుడిచింది. ఆ అమ్మాయి లేచి ఆయనకి మంచినీళ్ళు తెచ్చింది. వేలు లేదన్నది ఆ పిల్లే అయినా, ఆ నీళ్ళ గ్లాసు దగ్గర నా కోపం పోయింది.

బయటికొచ్చాక దండాసి కాలర్ సర్దుకున్నాడు. "మిగతా ఏడుగురినీ రేపటినించి ఇద్దరేసి తెస్తాను. నాను కూకుంటే గానీ ఎవరికీ అవ్వదు," అన్నాడు. గర్వంగానే అన్నాడు. అనుకోనీ, తప్పేం లేదు.

వదినతో పట్టుచీరల బజారుకి వెళ్ళేసరికి కొట్లు కట్టేస్తున్నారు. మర్నాడు పొద్దున్నే నా రైలు. స్టేషనుకి ఎర్రమ్మ వచ్చి ఆకుల్లో చుట్టిన నెత్తళ్ళ పొట్లం నా ఒళ్ళో పెట్టింది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తోసేసింది. నా నంబరు అడిగింది. ఆవిడ ఫోన్‌లో నేనే ఎక్కించి ఇచ్చి, ఆవిడ నంబరు వదిన పెట్టుకున్న పేరుతోనే నా ఫోన్‌లో వేసుకున్నాను.

కాకినాడ

వచ్చాక కొట్లో రెండు మార్పులు చేశాను. సిమ్ము అడిగినవాళ్ళని ముందు "మీది ఏ ఊరండీ?" అని అడుగుతున్నాను. వేలు పడనివాళ్ళకి కుర్చీ వేసి ఫొటో పద్ధతిలో చేస్తున్నాను. కమీషన్ తగ్గింది. సిమెంటు పని ముసలాయన ఎక్కడుంటాడో ఇంకా వెతుకుతున్నాను.

ఆరో రోజు పొద్దున్న ఆరింటికి డికాషన్ వేస్తుంటే ఫోను మోగింది. 'ఎర్రమ్మ చేపలు'. చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. బలవంతాన వెనక్కి లాగి ఒళ్ళో పెట్టుకున్నాను. కాకినాడలో ఉన్న నాకు ఆవిడ చేపలు అమ్మేదీ లేదు, నేను కొనేదీ లేదు. అయినా ఆరింటికి, ఛత్రపురంలో ఆటోలోంచి కాదు, ఆర్యపల్లి ఒడ్డు నుంచి మోగింది. మోగి ఆగిపోయింది.

మళ్ళీ మోగింది. ఆగిపోయింది.

స్టవ్ కట్టేసి ఫోను ముందు కూర్చున్నాను. మూడోసారి మోగుతుందేమోనని చాలాసేపు చూశాను. మోగలేదు. రెండే.